నాలుక కరుచుకున్న మనిషి

ఫిబ్రవరి 9

ఒప్పుకున్నాను. వద్దు వద్దనుకుంటూనే ఒప్పుకున్నాను.

మా పాత సినిమాని హిందీలో తీస్తున్నారట. అప్పుడు పనిచేసిన కంటిన్యుటీ మనిషే కావాలట. కథలో హీరోయిన్ బీరువా అద్దం తలుపు తెరిచి, భర్త హత్య జరిగిన రోజుకి మళ్ళీ మళ్ళీ వెనక్కి వెళ్తుంది కదా, ఏ సారి జుట్టు ముడేసుకుందో, ఏ సారి గోడ గడియారం ఆగిపోయి ఉందో నాకు తప్ప ఎవరికీ గుర్తుండదని వాళ్ళ భయం. నిజమే. మా డైరెక్టరు గారికైతే తన కథలో హంతకుడెవరో కూడా కాస్త ఆలోచించుకుంటే గానీ గుర్తురాదు.

సీరియళ్ళ పని విసుగొచ్చింది. అందుకే ఒప్పుకున్నాను. ఇంకేం కారణం లేదు.

ఫిబ్రవరి 12

అత్తయ్యకి చెప్పాను. కూర తరుగుతోంది.

"ఆ సినిమానే మళ్ళీ ఎందుకే తీయడం? ఒకసారి తీశారుగా."

"హిందీ వాళ్ళ కోసం అత్తయ్యా."

"వాళ్ళకీ అదే బీరువానా?"

"అదే బీరువా."

కత్తి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. ఆ సినిమా టీవీలో ఎప్పుడు వచ్చినా ఆవిడ కుర్చీ లాక్కుని ముందు కూర్చుంటుంది. మూడోసారి బీరువా తెరిచే సీను వరకు చూసి, లేచి వెళ్ళిపోతుంది. హంతకుడెవరో ఆవిడకి ఇప్పటికీ తెలియదు. "కథ నాకెందుకే" అంటుంది.

ఫిబ్రవరి 20

షూటింగు ఫ్లోరుకి వెళ్ళాను. తలుపు తీసి గుమ్మంలోనే ఆగిపోయాను. పాత సినిమాలో పడకగదిని ఉన్నదున్నట్టు కట్టేశారు. అదే మంచం, అదే పరదా, కిటికీ పక్కన అదే తడి మరక. అప్పుడు నిజంగానే పైకప్పు కారింది. ఇప్పుడు ఒకాయన నిచ్చెనెక్కి పొద్దున్నుంచి బ్రష్షుతో మరక పెడుతున్నాడు. "అక్కా, ఇంకాస్త పసుపు తగలాలా?" అని నన్నడిగాడు. తగలాలన్నాను.

బీరువా దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. రేపు చూసుకుందాంలే అనుకున్నాను.

హిందీ డైరెక్టరు కుర్రాడే. సన్నగా, నిద్రలేని కళ్ళతో ఉన్నాడు. నన్ను దీదీ అంటాడు. నాది పాటలు విని నేర్చుకున్న హిందీ, అతను నిదానంగా మాట్లాడతాడు, ఎలాగో నెట్టుకొచ్చాం. సినిమా మొత్తం కంఠతా పట్టేశాడు. టీ తాగుతూ ఉన్నట్టుండి అడిగాడు.

"దీదీ, ఆ అద్దంలో మనిషి ఎవరు?"

"మా డైరెక్టరు గారిని అడగలేకపోయారా?"

"అడిగాను. నవ్వి, భుజం తట్టి, నువ్వే వెతుక్కో అన్నారు. నేను ఈ సినిమా హక్కులు కొనిపించిందే ఆ మనిషి కోసం."

టీ బాగుందన్నాను. ఏం తాగానో నాకే తెలియదు.

ఫిబ్రవరి 21

ఇన్నేళ్ళలో ఆ సంగతి ఈ పుస్తకంలో ఎప్పుడూ రాయలేదు. రాయకుండా ఉంటే నాకొక్కదానికే ఉంటుందనుకున్నానేమో.

మూడోసారి హీరోయిన్ బీరువా తెరిచేటప్పుడు అద్దం తలుపు ఊగుతుంది. ఆ ఊపులో, రెప్ప వేసి తెరిచేంతలో, అద్దంలో ఒక మనిషి కనిపిస్తాడు. గళ్ళ చొక్కా. వంగి ఉంటాడు. చేతిలో పొడుగ్గా ఏదో వేలాడుతూ ఉంటుంది. తలెత్తుతాడు, అంతే, తలుపు వెళ్ళిపోతుంది.

ఆయనే. మా ఆయన.

ఆ సినిమాకి ఫోకస్ పుల్లర్, కెమెరా పక్కనుండి దూరాలు కొలిచే మనిషి. యూనిట్లో అందరూ "టేపు" అని పిలిచేవాళ్ళు. కొలిచే టేపు మెడలో వేసుకునే తిరిగేవాడు, అన్నం తినేటప్పుడు కూడా. షాట్ అవగానే నేను చెప్పాను. "సార్, అద్దంలో టేపు పడ్డాడు" అన్నాను. వెలుతురు పోతోంది, డైరెక్టరు గారు చిరాకులో ఉన్నారు. "ఎవడు చూస్తాడమ్మా, నీ చాదస్తం గానీ" అన్నారు. ఇంటికొచ్చాక ఆయన్ని నేను చెడామడా తిట్టాను. "పోనీలే, నేను కూడా సినిమాలో ఉన్నాను" అని ఒకటే నవ్వు.

జనం చూశారు. ఎవరతను అని రాశారు, వీడియోలు చేశారు. భవిష్యత్తు నుంచి వచ్చిన భర్త అన్నారు, యముడన్నారు. మా డైరెక్టరు గారు ఏ ఇంటర్వ్యూలో అడిగినా ఓ ముసిముసి నవ్వు నవ్వి, "అది ప్రేక్షకుడే తేల్చుకోవాలి" అంటూ మేధావి అయిపోయారు.

ఆ మరుసటి ఏడు, మా పాప పిచ్చుక ఇంకా నడక కూడా నేర్వకముందే, ఆయన బండి మీద పనికి వెళ్ళి తిరిగి రాలేదు. ఆయన తీసిన వీడియోలు బోలెడున్నాయి. నేను, అత్తయ్య, ఉయ్యాల్లో పిల్ల. ఎందులోనూ ఆయన లేడు. గొంతు మాత్రం ఉంటుంది, "ఇటు చూడు, ఇటు ఇటు" అని. ఆయన కదులుతూ కనిపించేది ప్రపంచం మొత్తం మీద ఆ అద్దంలో ఒక్కచోటే.

మార్చి 2

ఈ రోజు కుర్రాడు తన కథ చెప్పాడు. మార్పులు. పాతదానిలో హంతకుడు పక్కింటి డాక్టరు కదా, అది వద్దట. అద్దంలో మనిషే హంతకుడట.

గోడకి ఆ ఒక్క ఫ్రేమును పెద్దది చేసి అంటించాడు. ఆయన మొహం నా తలకంటే పెద్దగా ఉంది. నేను దాని ఎదురుగా కూర్చుని వినాలి.

"చూడండి దీదీ, చేతిలో తాడు. ఉరి బిగించడానికి. మొహం చూడండి, పళ్ళు ఎలా కొరుకుతున్నాడో! ఎంత కసి ఉంటే అలా ఉంటుంది? ఈ రోల్‌కి ఒక పెద్ద విలన్ని మాట్లాడాం. పోస్టరు కూడా ఇదే."

పళ్ళు కొరకడం కాదది. కెమెరాకి దొరికిపోయానని తెలిసి నాలుక కరుచుకున్నాడు. ఇంట్లో పాలు పొంగిపోయినప్పుడు, నేను చెప్పిన సామాను మర్చిపోయి వచ్చినప్పుడు అదే మొహం పెట్టేవాడు.

సరే, ఏదో ఒకటి తీసుకోనీ. సినిమానే కదా.

మార్చి 3

సినిమానే కదా.

మార్చి 9

కొత్త ఫోకస్ అబ్బాయి పరిచయమయ్యాడు. టెస్టు షాట్ తీస్తున్నారు. టేపు కొక్కెం హీరోయిన్ బదులు నిలబెట్టిన మనిషి కంటి పక్కన పట్టుకోమని నన్నే అడిగాడు, రెండో చివర కెమెరా దగ్గర తను పట్టుకున్నాడు. ఎన్నిసార్లు పట్టుకోలేదు నేనిలా! చెయ్యి దానంతటదే సరైన ఎత్తులో ఆగింది.

అతనికి ఒక కూతురుందట. నాన్న సినిమాల్లో పనిచేస్తాడంటే ఛస్తే నమ్మదట. "ఏదీ, నువ్వెక్కడ?" అంటుందట. చివర్లో పేరు పడుతుంది చూడమని కూర్చోబెడితే, పేరు వచ్చేలోపే హాల్లో లైట్లు వేసేస్తారట, జనం లేచి అడ్డం నిలబడతారట. చెప్పి తనే పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను.

మార్చి 14

ఇంటికొచ్చేసరికి మా పడకగది బీరువా అద్దానికి తువ్వాలు కప్పి ఉంది. నాలుగు మూలలా బట్టలకు పెట్టే క్లిప్పులు పెట్టి మరీ.

"ఎవరు కప్పారిది?" అంటే అత్తయ్య కళ్ళతో పిచ్చుకని చూపించింది. అది పుస్తకంలో తల దూర్చేసింది.

"ఎందుకమ్మా?"

పేజీ మూల మడిచింది, విప్పింది. చివరికి చెప్పింది. బళ్ళో ఎవరో పిల్ల అక్క ఫోన్లో వీడియో చూపించిందట. హిందీలో కొత్త సినిమా వస్తోందట, అందులో అద్దంలో మనిషే అందర్నీ చంపేవాడట. "వాడు అద్దాల్లోనే ఉంటాడంటమ్మా. గళ్ళ చొక్కా. మనం వెనక్కి తిరిగితే తాడు వేసేస్తాడంట. నువ్వు ఆ సినిమాకే వెళ్తున్నావంటగా. వెళ్ళకమ్మా."

ఈ లోపు మోచెయ్యి తగిలి నీళ్ళ గ్లాసు బోర్లా పడింది. పిచ్చుక టక్కున నాలుక కరుచుకుని నావంక చూసింది.

అచ్చం అదే మొహం. నాకు ఏడుపు ఆగలేదు. నీళ్ళు ఒలకబోసినందుకు ఏడుస్తున్నాననుకుని అది కూడా ఏడ్చింది. నా బిడ్డ తండ్రికి భయపడి అద్దం కప్పుకుంది. దీన్ని ఎవరికి చెప్పుకోను?

మార్చి 15

మా డైరెక్టరు గారికి ఫోన్ చేశాను, ఆ కుర్రాడికి నిజం చెప్పేస్తానని. ముందు నవ్వారు. తర్వాత బతిమాలారు.

"ఏమ్మా, ఈ వయసులో నా పరువు తీస్తావా? ఆ ఒక్క షాట్ మీద నాకు సన్మానాలు చేశారు."

"మీరు సన్మానాలు చేయించుకోండి సార్. మా ఆయన్ని హంతకుణ్ణి చేస్తున్నారు."

అప్పుడు గొంతు తగ్గించారు. నిజానికి ఆయన చెడ్డమనిషి కాదు, అదే బాధ. "విను తల్లీ. హిందీ సినిమా రిలీజుకి ముందు మన పాతదాన్ని కడిగి, మెరుగుపెట్టి మళ్ళీ వదులుతున్నారు. ఆ మనిషి ఒక రహస్యం కాబట్టే అతన్ని ముట్టుకోవడంలేదు. పొరపాటని తెలిసిందనుకో, కంప్యూటర్లో ఒక్క పూటలో తుడిచేస్తారు. నువ్వు నోరు మూసుకుంటేనే టేపు అక్కడ ఉంటాడు. తర్వాత నీ ఇష్టం."

ఫోన్ పెట్టేశాక కూడా చెవి దగ్గరే పట్టుకుని కూర్చున్నాను. నోరు మూసుకుంటే హంతకుడిగా ఉంటాడు. నోరు విప్పితే అసలు ఉండడు.

ఇంత తెలివైన ముడి మా సినిమా కథలో కూడా వెయ్యలేదు.

మార్చి 16

అత్తయ్య దగ్గర దాచలేకపోయాను. ఆవిడకి ఉన్నది కూడా ఆ ఒక్క క్షణమే కదా.

"చెరిపేస్తారా? వాడినా?"

"ఊఁ."

"టీవీలో వస్తే ఇక కనపడడా?"

"కనపడడు అత్తయ్యా."

పైటచెంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. తుడిచిన అద్దాలే మళ్ళీ తుడిచింది. "వాడు పుట్టినప్పటి నుంచి చూశానే నేను. నాకు టీవీ ఎందుకు? దానికే లేదు" అంది పిచ్చుక వంక చూస్తూ. "వాడి పేరు చెబితే పిల్ల దడుచుకునే రోజు రాకూడదు. వెళ్ళి చెప్పు. గట్టిగా చెప్పు, నీళ్ళు నమలకుండా."

బీరువా పై అరలోంచి ఆయన టేపు తనే తీసిచ్చింది. అది ఎక్కడుందో నాకు తెలియనట్టు ఇన్నాళ్ళూ ఉన్నాను. ఆవిడా అలాగే ఉందన్నమాట.

మార్చి 17

చెప్పేశాను.

కుర్రాడు గోడమీద ఫొటో ముందు విలన్‌గారి చొక్కా గళ్ళు సరిచూస్తున్నాడు. టేపు తీసి అతని చేతిలో పెట్టాను.

"ఇదే ఆ తాడు" అన్నాను.

అర్థం కాలేదు. కొక్కెం పట్టుకుని అతని కంటి పక్కన పెట్టి, రెండో చివర నా దగ్గరికి లాక్కున్నాను. "హీరోయిన్ మొహం స్పష్టంగా రావాలంటే ఆమె కళ్ళు కెమెరాకి ఎంత దూరంలో ఉన్నాయో కొలవాలి. ఆ పని చేసే మనిషి ఇతను. తలుపు అనుకున్నదానికంటే ఎక్కువ ఊగింది, దొరికిపోయాడు. పళ్ళు కొరకడంలేదు బాబూ, నాలుక కరుచుకున్నాడు. ఇతను నా భర్త. ఇప్పుడు లేడు. ఇంట్లో నా కూతురు ఇతనికి భయపడి అద్దాలకి తువ్వాళ్ళు కప్పుతోంది."

హిందీ ఎలా వచ్చిందో ఏమో, ఒక్క ముక్క కూడా తడుముకోలేదు.

కుర్రాడు టేపు వంక చూశాడు, గోడమీద ఫొటో వంక చూశాడు. "నా సినిమా మొత్తం ఇతని మీదే కట్టాను దీదీ" అన్నాడు. కోపంగా అన్నాడు, కాసేపటికి అదే మాట మెల్లిగా అన్నాడు. తర్వాత పేపర్లన్నీ అక్కడే వదిలేసి బయటికి వెళ్ళిపోయాడు. టేపు అతని చేతిలోనే ఉండిపోయింది.

మార్చి 18

ఫోన్ రాలేదు. ఉద్యోగం ఉందో ఊడిందో తెలియదు. ఇల్లంతా దులిపాను, దులిపిన చోటే మళ్ళీ దులిపాను.

మార్చి 20

పిచ్చుకకి చూపించాను.

ఇన్నేళ్ళూ భయపెట్టే సినిమా కదా, పెద్దయ్యాక చూపిద్దాం అనుకున్నానని నాకు నేనే చెప్పుకున్నాను. కాదు. అది చూసి "ఇంతేనా నాన్న?" అంటుందేమోనని భయం.

గీతలు పడి, రేపో మాపో ఇక ఆడనంటున్న పాత డిస్కు పెట్టాను. అత్తయ్య కుర్చీ లాక్కుని తన చోట్లో కూర్చుంది. పిచ్చుక నా ఒళ్ళో, దిండు వెనక నుంచి ఒక కన్నుతో చూస్తోంది. ముందే చెప్పాను, గళ్ళ చొక్కా ఎవరిదో. నమ్మలేదు. సీను వచ్చింది. తలుపు ఊగింది. సరిగ్గా ఆయన తలెత్తినప్పుడు ఆపాను. కంటిన్యుటీ మనిషిని, అది కూడా చెయ్యలేకపోతే ఎందుకు?

దిండు మెల్లగా కిందికి దిగింది.

"నాలుక కరుచుకున్నాడు" అంది.

"అవును."

"నాలాగా."

అత్తయ్య ఠక్కున అందుకుంది. "నీలాగా ఏంటే, నువ్వే వాడిలాగా."

"ఏం కొలుస్తున్నాడు?"

"ఆవిడ ఎంత దూరంలో ఉందో. దూరం తెలిస్తేనే కదా, మొహం మసకేయకుండా ఉండేది."

"వెనక్కి తిప్పు" అంది. తిప్పాను. మళ్ళీ అంది. మళ్ళీ తిప్పాను. మా కథలో హీరోయిన్ మూడుసార్లే వెనక్కి వెళ్ళింది. మేం ఎన్నిసార్లు వెళ్ళామో లెక్కేలేదు, ఒక్కరం కూడా ఎవరినీ కాపాడాలని వెళ్ళలేదు, చూద్దామని వెళ్ళాం. నిజంగా అలాంటి బీరువా దొరికితే నేను ఏ రోజుకి వెళ్తానా అని ఈ సినిమా చేసినప్పటి నుంచి ఆలోచిస్తున్నాను. బండి తాళాలు దాచేయడానికి వెళ్తాను, అది వేరే చెప్పాలా? దాని తర్వాత ఆ షాట్‌కి వెళ్తాను. తలుపు కాస్త నెమ్మదిగా తియ్యమని హీరోయిన్‌కి చెబుతాను.

తువ్వాలు పిచ్చుకే తీసేసింది. క్లిప్పులు ఇంకా మంచం కింద ఉన్నాయి.

మార్చి 23

కుర్రాడు ఫోన్ చేశాడు. "రండి దీదీ, హంతకుడు డాక్టరే" అన్నాడు. విలన్‌గారికి ఏదో సర్దిచెప్పి పంపేశారట. ఫ్లోరుకి వెళ్తే గోడమీద ఆ పెద్ద ఫొటో లేదు. టేపు కాగితంలో చుట్టి నాకు తిరిగి ఇచ్చాడు, రెండు చేతులతో ఇచ్చాడు. క్షమించండి అని అనలేదు. అంటే నేను ఏడ్చేదాన్నే, మంచిపని చేశాడు.

ప్రొడ్యూసరు ఆఫీసు నుంచి మాత్రం కబురు వచ్చేసింది. పాతదానిలో ఆ పొరపాటు తుడిచేస్తున్నారు. కొత్తదానిలో అద్దం షాట్‌లో ఈగ కూడా కనపడకూడదట. ఆ బాధ్యత నాదేనట.

ఏప్రిల్ 4

అద్దం షాట్ అయిపోయింది. "కంటిన్యుటీ?" అని అరిచారు. ఓకే అన్నాను. అలిసిపోయాను.

ఏప్రిల్ 5

ఓకే అన్నాను. షాట్ ఓకేనే మరి. హీరోయిన్ బాగా చేసింది. ఇంకో టేక్ అంటే పాపం ఆ అమ్మాయి కళ్ళు వాచిపోయేవి.

జూన్ 18

పాత సినిమా కొత్త ప్రింటు వచ్చింది. ఒక్కదాన్నే కూర్చుని చూశాను.

తలుపు ఊగింది. అద్దంలో పరదా ఉంది. అంతే. శుభ్రంగా తుడిచారు. పని తెలిసినవాళ్ళే, ఒప్పుకోవాలి. పరదా మడతలు ముందు షాట్‌లో ఎలా ఉన్నాయో అలాగే పడ్డాయి. నేను చెక్ చేసినా తప్పు పట్టలేను.

అత్తయ్య గుమ్మంలో నిలబడింది. "పోయాడా?" అంది. పోయాడన్నాను. వచ్చి పక్కన కూర్చుని, సినిమా ఆపకు అంది. మొదటిసారి చివరిదాకా చూసింది. "డాక్టరా! వాడి మొహం చూసినప్పుడే అనుకోవాల్సింది" అంది. ఇద్దరం నవ్వాం, ఏడ్చాం, ఏది ఎప్పుడో గుర్తులేదు.

అక్టోబర్ 9

హిందీ సినిమా విడుదలైంది. పిల్లల్ని తీసుకెళ్ళే సినిమా కాదు. అయినా పిచ్చుకని తీసుకెళ్ళాను. అత్తయ్య తనకి హిందీ రాదంటూనే అందరికంటే ముందు తయారైంది.

హాలు నిండింది. మూడోసారి బీరువా సీను వచ్చింది. పిచ్చుక నా చెయ్యి పట్టుకుని ముందుకి వంగింది.

ఇప్పుడు రాసేస్తాను. ఎవరు చూస్తారు గనక. షాట్ జరుగుతున్నప్పుడు అందరూ హీరోయిన్ మొహం చూస్తారు. నేను మూలలు చూస్తాను, నాకు జీతం అందుకే. అద్దం షాట్ తీసిన రోజు తలుపు అనుకున్నదానికంటే కాస్త ఎక్కువ ఊగింది. అంచున మోకాళ్ళ మీద కూర్చున్న ఆ కొత్త ఫోకస్ అబ్బాయి కనిపించాడు, మెడలో టేపుతో. గబుక్కున తల వంచాడు గానీ, అప్పటికే అద్దంలో పడిపోయాడు. "కంటిన్యుటీ?" అన్నారు. వాళ్ళ పాప మొహం నేనెప్పుడూ చూడలేదు. "ఏదీ, నువ్వెక్కడ?" అన్న మాట మాత్రం చెవిలో వినిపించింది. ఓకే అన్నాను.

ఎడిటింగులో డైరెక్టరు కుర్రాడు ఆ షాట్‌ని వందసార్లు చూసి ఉంటాడు. చూడలేదంటే నేను నమ్మను. నన్ను ఒక్క మాట కూడా అడగలేదు.

తలుపు ఊగింది. హాల్లో ఎవరో "ఏయ్, అద్దంలో ఎవరో ఉన్నారు!" అని గట్టిగా అరిచారు. వెనక వరుసల్లో గుసగుసలు. అత్తయ్య నా మోచెయ్యి గిల్లింది.

పిచ్చుక భయపడలేదు. నా చెవి దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"అమ్మా, ఈయన ఎవరి నాన్న?"